పాడుచేయడానికే ఒక క్లస్టర్

కంటెయినర్లలో కట్టిన ప్రోగ్రామ్‌లని చాలా మెషీన్ల మీద కలిపి నడిపే కుబెర్నెటిస్ నేర్చుకుంటున్నామనే వాళ్లలో చాలామంది నేర్చుకునేది యామల్ (సెట్టింగులు రాసే ఫైల్ పద్ధతి) రాయడం వరకే. డిప్లాయ్‌మెంట్ ఫైల్ ఎలా ఉంటుందో, సర్వీస్ ఫైల్ ఎలా ఉంటుందో తెలుస్తుంది, అప్లై కొడతారు, పాడ్‌లన్నీ (కుబెర్నెటిస్ నడిపే కంటెయినర్ల మూటలు) రన్నింగ్ అని కనిపిస్తాయి, చదువు అక్కడితో ఆగిపోతుంది. తర్వాత ఎప్పుడో ప్రొడక్షన్‌లో ఒక నోడ్, అంటే క్లస్టర్‌లోని ఒక మెషీన్, పడిపోతుంది. దాని మీద ఉన్న పాడ్‌లు ఐదు నిమిషాలు దాటేదాకా ఇంకో నోడ్ మీదికి ఎందుకు వెళ్లలేదో ఎవరికీ అర్థం కాదు, అందరికీ టెన్షన్. ఆ విషయం ముందే నేర్చుకుందామన్నా ఆఫీసు క్లస్టర్‌లో దారి లేదు, ఎందుకంటే అక్కడ మనకిచ్చేది ఒక నేమ్‌స్పేస్ (క్లస్టర్‌లో మన వాటా గది లాంటిది), అందులో కొన్ని పర్మిషన్లు. ఒకసారి నోడ్ ఆపి చూస్తానంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

అందుకే సొంత లాప్‌టాప్ మీద ఒక క్లస్టర్ పెట్టుకోమని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతుంటాను. క్లౌడ్ బిల్లు మిగులుతుంది, నెట్ లేకపోయినా పని ఆగదు, అవన్నీ నిజమే. కానీ నా దృష్టిలో అసలు లాభం అది కాదు. ఆ క్లస్టర్ పాడైపోయినా ఎవరికీ నష్టం లేదు, అదీ లాభం. పాడ్‌లకి నోడ్ చూసే షెడ్యూలర్‌ని ఆపేయొచ్చు, నోడ్‌ని చంపేయొచ్చు, క్లస్టర్ సమాచారమంతా దాచుకునే ఎట్‌సీడీలో చెయ్యి పెట్టొచ్చు, చివరికి మొత్తం చెరిపేసి కాసేపట్లో మళ్లీ లేపొచ్చు. ఈ పోస్టు ఆ పాడుచేయడం గురించే. ఇన్‌స్టాల్ చేసే పద్ధతి ప్రతి టూల్ సైట్‌లోనూ ఉంటుంది కాబట్టి దాని జోలికి పోను.

టూల్ సంగతి త్వరగా చెప్పేస్తాను. మినీక్యూబ్ 2016 నుంచీ ఉంది, కనీసం 2 సీపీయూలు, 2 జీబీ ఖాళీ మెమరీ, 20 జీబీ డిస్క్ ఉండాలంటుంది, ఇంగ్రెస్ (బయటి రిక్వెస్టుల్ని లోపలి సర్వీసులకి పంపేది), డాష్‌బోర్డ్, మెట్రిక్స్ సర్వర్ లాంటివి ఒక్కో కమాండ్‌తో ఆన్ అయిపోతాయి కాబట్టి మొదటిసారి చేసేవాళ్లకి సుఖంగా ఉంటుంది. కే3ఎస్‌ని రాంచర్ ల్యాబ్స్ 2019లో తెచ్చింది. 100 ఎంబీ కూడా లేని ఒకే బైనరీ, డిఫాల్ట్‌గా ఎట్‌సీడీ బదులు ఎస్‌క్యూలైట్, ఇంగ్రెస్ కంట్రోలర్, లోడ్ బ్యాలెన్సర్, స్టోరేజ్ అన్నీ లోపలే ఉంటాయి. చిన్న మెషీన్ల మీద నిజంగా నడిపే పనికి కూడా దాన్ని వాడతారు. దాన్నే డాకర్ కంటెయినర్లలో నడిపితే కే3డీ. ఇక కైండ్, అందులో ప్రతి నోడూ ఒక డాకర్ కంటెయినర్. కుబెర్నెటిస్‌ని టెస్ట్ చేయడానికే దాన్ని తయారుచేశారు, తర్వాత మనలాంటి వాళ్లం అందుకున్నాం.

నేను కైండ్‌నే ఎంచుకుంటాను. లోపల కూబ్‌అడ్మ్ అనే టూల్ వాడి క్లస్టర్ లేపుతుంది కాబట్టి కంట్రోల్ ప్లేన్ (క్లస్టర్‌ని నడిపించే మెదడు) భాగాలన్నీ విడివిడిగా, మామూలు సర్వర్ల మీద ఎలా ఉంటాయో అలాగే కనిపిస్తాయి. కే3ఎస్‌లో అవన్నీ ఒకే ప్రాసెస్‌లో కలిసిపోతాయి. నడపడానికి అది హాయిగా ఉంటుంది కానీ ఒక్కో భాగాన్ని ఊడదీసి ఏమవుతుందో చూడాలంటే కుదరదు. ఒక కంట్రోల్ ప్లేన్ నోడ్, రెండు వర్కర్ నోడ్‌లు పెట్టుకోండి. ఒక్క నోడ్ క్లస్టర్‌తో సరిపెట్టుకుంటే నేర్చుకోవాల్సిన దాంట్లో సగం కనబడదు, ఎందుకంటే కుబెర్నెటిస్ చేసే ముఖ్యమైన పని అంతా ఏ పాడ్ ఏ నోడ్ మీద ఉండాలి, ఆ నోడ్ పోతే ఎక్కడికి వెళ్లాలి అన్నదాని చుట్టూనే తిరుగుతుంది.

క్లస్టర్ లేచాక చేయాల్సిన మొదటి పని అప్లికేషన్ డిప్లాయ్ చేయడం కాదు. డాకర్ ఎగ్జెక్ కొట్టి కంట్రోల్ ప్లేన్ నోడ్ లోపలికి వెళ్లండి. అక్కడ ఈటీసీ కింద కుబెర్నెటిస్ అనే ఫోల్డర్, దాని లోపల మానిఫెస్ట్స్ అనే ఫోల్డర్ ఉంటాయి. అందులో నాలుగు ఫైళ్లు: ఏపీఐ సర్వర్ (కమాండ్లన్నీ వచ్చే తలుపు), ఎట్‌సీడీ, షెడ్యూలర్, కంట్రోలర్ మేనేజర్ (కోరినదాన్ని నిజం చేసేది). కంట్రోల్ ప్లేన్ అని అందరూ భయపెట్టేది ఈ నాలుగు యామల్ ఫైళ్లనే. వీటిని స్టాటిక్ పాడ్‌లు అంటారు. ప్రతి నోడ్ మీదా ఉండి పాడ్‌లని నడిపే కూబ్‌లెట్ ఆ ఫోల్డర్‌ని కనిపెట్టుకుని ఉంటుంది, ఫైల్ ఉంటే పాడ్ నడుపుతుంది, ఫైల్ తీసేస్తే ఆపేస్తుంది. మధ్యలో ఏపీఐ సర్వర్ అనుమతి అవసరం లేదు. లేకపోతే ఏపీఐ సర్వర్‌ని లేపేది ఎవరు?

ఇప్పుడు షెడ్యూలర్ ఫైల్‌ని ఇంకో ఫోల్డర్‌లోకి జరపండి. కొన్ని సెకన్లలో షెడ్యూలర్ పాడ్ మాయమవుతుంది. అంతకుముందు నడుస్తున్న అప్లికేషన్‌కి ఏమీ కాదు, రిక్వెస్టులకి జవాబులు వస్తూనే ఉంటాయి. ఒక పాడ్‌ని డిలీట్ చేయండి. దాని బదులు కొత్త పాడ్ తయారవుతుంది కానీ పెండింగ్‌లో ఆగిపోతుంది. డిస్క్రైబ్ చేస్తే కింద ఈవెంట్లు ఖాళీగా ఉంటాయి. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. మామూలుగా పాడ్ పెండింగ్‌లో ఉంటే సీపీయూ చాలలేదనో, టెయింట్ (నోడ్ మీద పెట్టే ‘ఇక్కడికి రావద్దు’ గుర్తు) అడ్డొచ్చిందనో షెడ్యూలర్ కారణం రాసిపెడుతుంది. ఏ కారణమూ లేకుండా పెండింగ్‌లో ఉందంటే దాన్ని చూడాల్సిన షెడ్యూలరే దాన్ని చూడట్లేదని అర్థం. షెడ్యూలర్ పనిచేయకపోయి ఉండొచ్చు, లేదా పాడ్ ఫైల్‌లో లేని షెడ్యూలర్ పేరు ఎవరో రాసి ఉండొచ్చు. ఫైల్‌ని వెనక్కి పెట్టగానే పాడ్‌కి నోడ్ దొరుకుతుంది.

తర్వాత కంట్రోలర్ మేనేజర్ ఫైల్‌తో అదే పని చేయండి. ఈసారి పాడ్‌ని డిలీట్ చేస్తే పెండింగ్‌లో కూడా ఏమీ రాదు, పాడ్ పోయిందంతే. డిప్లాయ్‌మెంట్‌లో రెప్లికాలు (ఒకే పాడ్ నకళ్లు) 3 నుంచి 6 చేయండి, కమాండ్ విజయవంతంగా పూర్తవుతుంది, 6 అని సేవ్ కూడా అవుతుంది, పాడ్‌లు మాత్రం పెరగవు. మీరు కోరింది రాసిపెట్టేది ఒకరు, దాన్ని నిజం చేసేది ఇంకొకరు అన్న సంగతి ఎన్ని బొమ్మలు చూసినా ఇంత స్పష్టంగా బుర్రకెక్కదు. రెండు ప్రయోగాలనీ పక్కపక్కన పెట్టుకుంటే పాడ్‌ని సృష్టించడం కంట్రోలర్ పని, దానికి నోడ్ చూడడం షెడ్యూలర్ పని, దాన్ని నిజంగా నడపడం ఆ నోడ్ మీద ఉన్న కూబ్‌లెట్ పని అని ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

మూడోది ఏపీఐ సర్వర్. ఆ ఫైల్ తీసేస్తే, మనం కమాండ్లు కొట్టే కూబ్‌సీటీఎల్‌కి కనెక్షన్ దొరకదు. క్లస్టర్ చచ్చిపోయిందని అనిపిస్తుంది కానీ అప్లికేషన్‌ని బ్రౌజర్‌లో తెరిచి చూడండి, పనిచేస్తూనే ఉంటుంది. వర్కర్ నోడ్ లోపలికి వెళ్లి క్రైసీటీఎల్ అనే టూల్ తో కంటెయినర్‌ని ఆపేసినా కూబ్‌లెట్ దాన్ని మళ్లీ లేపుతుంది, ఎందుకంటే ఏ పాడ్‌లు నడపాలో దానికి అప్పటికే తెలుసు, రీస్టార్ట్ చేయడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. కంట్రోల్ ప్లేన్ కాసేపు పోయినా కస్టమర్లకి తెలియదని పెద్దవాళ్లు నింపాదిగా అనేది ఇందుకే. అయితే ఆ కాసేపట్లో ఒక నోడ్ కూడా పోతే ఆ పాడ్‌లని ఇంకోచోటికి మార్చే దిక్కు ఉండదు. ఆ నింపాదికి హద్దు అది.

ఎట్‌సీడీ దగ్గర ఒకే ఒక్క పని చెబుతాను. ఒక సీక్రెట్ (పాస్‌వర్డ్‌లు దాచే వస్తువు) తయారుచేసి, ఎట్‌సీడీ పాడ్ లోపలికి వెళ్లి, సర్టిఫికెట్లు ఇచ్చి ఎట్‌సీడీసీటీఎల్ తో ఆ సీక్రెట్ కీ చదవండి. పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లో కనబడుతుంది. డిఫాల్ట్‌గా అక్కడ ఏ ఎన్‌క్రిప్షనూ ఉండదు. ఎట్‌సీడీ బ్యాకప్ ఫైల్‌ని ఎక్కడ పెడుతున్నామన్నది ఎందుకంత సీరియస్ విషయమో అప్పుడు తెలుస్తుంది.

ఇక నోడ్‌ని చంపడం. నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రయోగం ఇదే, దీనికి మాత్రం తొందరపడకుండా కూర్చోవాలి. మూడు నాలుగు రెప్లికాలున్న ఒక చిన్న వెబ్ అప్లికేషన్ పెట్టండి, సెకనుకోసారి రిక్వెస్ట్ పంపి టైమ్‌తో సహా జవాబు ప్రింట్ చేసే స్క్రిప్ట్‌ని క్లస్టర్ లోపలే, కంట్రోల్ ప్లేన్ నోడ్ లోపలో బతికి ఉండబోయే వర్కర్ మీదో నడపండి, ఇంకో టెర్మినల్‌లో నోడ్‌లనీ పాడ్‌లనీ వాచ్ పెట్టండి. ఇప్పుడు రెండో వర్కర్ కంటెయినర్‌ని డాకర్ స్టాప్ చేయండి.

మొదట ఏమీ జరగదు. నోడ్ ఇంకా రెడీ అనే చూపిస్తుంది. కానీ స్క్రిప్ట్‌లో కొన్ని రిక్వెస్టులు వేలాడటం మొదలవుతుంది, ఎందుకంటే ఆ నోడ్ మీది పాడ్‌లు సర్వీస్ వెనక జాబితాలో ఇంకా ఉన్నాయి, కొన్ని రిక్వెస్టులు అటే వెళ్తున్నాయి. కూబ్‌లెట్ నుంచి కబురు రాకపోతే నోడ్ పోయిందని తేల్చడానికి కంట్రోలర్ కాసేపు ఆగుతుంది. చాలాకాలం అది 40 సెకన్లు, 1.32 వెర్షన్ నుంచి 50 చేశారు. ఆ గడువు దాటాక నోడ్ నాట్‌రెడీ అవుతుంది, దాని మీది పాడ్‌లు సర్వీస్ జాబితాలోంచి బయటికి వెళ్తాయి, రిక్వెస్టులు మళ్లీ సాఫీగా వెళ్తాయి. కానీ పాడ్‌లు మాత్రం కదలవు. కొత్తవి తయారవ్వవు. వాచ్‌లో పాతవి రన్నింగ్ అనే కనిపిస్తూ ఉంటాయి. ఇంకా ఐదు నిమిషాలు ఇలాగే ఉంటుంది.

ఎందుకని ఏదైనా ఒక పాడ్ యామల్‌ని బయటికి తీసి చూస్తే, మీరు రాయని టాలరేషన్లు (టెయింట్‌ని ఓర్చుకునే అనుమతులు) రెండు అందులో కనబడతాయి. నోడ్ నాట్‌రెడీ అయినా, అందకుండా పోయినా 300 సెకన్లు ఓర్చుకో అని వాటి అర్థం. పాడ్ తయారయ్యేటప్పుడే ఏపీఐ సర్వర్ వాటిని చేర్చేస్తుంది. నెట్‌వర్క్ ఒక్క నిమిషం అటూఇటూ అయినందుకే వందల పాడ్‌లని ఒకేసారి పీకి ఇంకోచోట పెడితే అది ఇంకా పెద్ద ప్రమాదం కాబట్టి అలా పెట్టారు, ఆ నిర్ణయం సబబే అని నేను అనుకుంటాను. కానీ మీ అప్లికేషన్‌కి రెండే రెప్లికాలుండి, ఒకటి పోతే రెండోది లోడ్ మోయలేకపోతే, ఐదు నిమిషాలు చాలా ఎక్కువ. ఆ రెండు టాలరేషన్లనీ మీ డిప్లాయ్‌మెంట్‌లో మీరే 30 సెకన్లని రాసి, నోడ్‌ని మళ్లీ లేపి, మళ్లీ చంపి చూడండి. తేడా వాచ్‌లో కళ్లకి కడుతుంది.

అదే ప్రయోగం స్టేట్‌ఫుల్‌సెట్ (డేటాబేస్ లాంటివి నడిపే, ప్రతి పాడ్‌కీ స్థిరమైన పేరుండే రకం) తో చేస్తే ఇంకో పాఠం. ఐదు నిమిషాలు దాటాక పాత పాడ్ టెర్మినేటింగ్‌లోకి వెళ్తుంది, అక్కడే ఉండిపోతుంది, కొత్తది రాదు. ఆ నోడ్ నిజంగా చచ్చిందో, నెట్‌వర్క్ తెగి బతికే ఉందో కుబెర్నెటిస్‌కి తెలిసే మార్గం లేదు. ఒకే పేరుతో రెండు డేటాబేస్ పాడ్‌లు ఒకేసారి డిస్క్ మీద రాస్తే డేటా పోతుంది, అందుకని అది ముందుకు పోకుండా ఆగుతుంది. నోడ్ తిరిగి వస్తే గానీ, లేదా మనిషి పూనుకుని ఫోర్స్ డిలీట్ కొడితే గానీ, లేదా ఆ నోడ్ సర్వీస్‌లో లేదని టెయింట్ వేస్తే గానీ కదలదు. ఎవరైనా డేటాబేస్‌ని కుబెర్నెటిస్‌లో పెడదాం, నోడ్ పోయినా దానంతటదే లేస్తుంది అంటే, ముందు ఈ ప్రయోగం చేసి చూపించమనండి.

డెవలప్‌మెంట్‌కి వాడేవాళ్లందరికీ మొదటి రోజే తగిలే రాయి ఇమేజ్, అంటే కంటెయినర్‌ని లేపే ప్యాకేజ్. డాకర్ బిల్డ్ చేశారు, డాకర్ ఇమేజెస్‌లో కనబడుతోంది, డిప్లాయ్ చేస్తే ఇమేజ్ తెచ్చుకోలేకపోయానని ఇమేజ్‌పుల్‌బ్యాక్ఆఫ్ ఎర్రర్. మీ డాకర్ దగ్గర ఉన్న ఇమేజ్ వేరు, నోడ్ లోపల కంటెయినర్లని నడిపే కంటెయినర్‌డీ దగ్గర ఉన్నవి వేరు. కుబెర్నెటిస్ నేరుగా డాకర్‌తో మాట్లాడే డాకర్‌షిమ్‌ని 2022లో 1.24 వెర్షన్‌లో తీసేశారు, పైగా ఇక్కడ నోడే ఒక వేరే కంటెయినర్, దానికి బయట మీ దగ్గర ఏముందో తెలియదు. కైండ్ లోడ్ కమాండ్‌తోనో, మినీక్యూబ్ అయితే ఇమేజ్ లోడ్ తోనో, కే3డీ అయితే ఇమేజ్ ఇంపోర్ట్ తోనో లోపలికి పంపాలి. పంపాక కూడా అదే ఎర్రర్ వస్తే ట్యాగ్ చూడండి. లేటెస్ట్ అని ఉన్నా, ట్యాగే లేకపోయినా, పుల్ పాలసీ రాయనప్పుడు అది ఆల్వేస్ అవుతుంది. అంటే నోడ్‌లో ఇమేజ్ ఉన్నా సరే రిజిస్ట్రీని (ఇమేజ్‌లు దాచే సర్వర్‌ని) అడగాల్సిందే, అక్కడ అది లేదు. వేరే ఏ ట్యాగ్ పెట్టినా పాలసీ ఇఫ్‌నాట్‌ప్రెజెంట్ (నోడ్‌లో లేకపోతేనే తెచ్చుకో) అవుతుంది, పనైపోతుంది. ప్రతి బిల్డ్‌కీ కొత్త ట్యాగ్ పెట్టే అలవాటు చేసుకుంటే, కోడ్ మార్చినా పాతదే నడుస్తోందేమిటన్న గందరగోళం కూడా ఉండదు. రోజూ చేసే పని అయితే ఈ లోడింగ్ అంతా చేత్తో చేయక్కర్లేదు, ఫైల్ సేవ్ చేయగానే బిల్డ్ చేసి, లోపలికి పంపి, డిప్లాయ్ చేసే స్కాఫోల్డ్, టిల్ట్ లాంటివి ఉన్నాయి. కానీ ముందు కొన్నాళ్లు చేత్తోనే చేయండి, లేకపోతే ఆ టూల్ ఆగిపోయిన రోజున ఎక్కడ ఆగిందో కూడా తెలియదు.

ఆపిల్ ఎం సిరీస్ చిప్ లాప్‌టాప్‌లో బిల్డ్ చేసిన ఇమేజ్‌ని ఇంటెల్, ఏఎండీ సర్వర్ల మీద పెడితే ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్ వస్తుంది, అటునుంచి ఇటు కూడా రావచ్చు. అది కుబెర్నెటిస్ తప్పు కాదు, బిల్డ్ చేసేటప్పుడు ప్లాట్‌ఫామ్ చెప్పాలి.

డెవలపర్లకి బాగా పనికొచ్చే ఇంకో ప్రయోగం: పాడ్ ఎలా చస్తుందో చూడటం. కొత్త వెర్షన్ డిప్లాయ్ చేసిన ప్రతిసారీ కొన్ని 502 ఎర్రర్లు వస్తున్నాయంటే కారణం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. పాడ్‌ని తీసేయమన్నప్పుడు కూబ్‌లెట్ ముందు సిగ్‌టర్మ్ (ఇక ఆగమని చెప్పే సిగ్నల్) పంపుతుంది, 30 సెకన్లు ఆగుతుంది, అప్పటికీ పోకపోతే సిగ్‌కిల్ (బలవంతంగా చంపేసే సిగ్నల్). అదే సమయంలో, ఒకదాని తర్వాత ఒకటి కాదు, అదే సమయంలో ఆ పాడ్‌ని సర్వీస్ జాబితాలోంచి తీసే పని ఇంకో దారిలో జరుగుతుంటుంది. అంటే సిగ్‌టర్మ్ రాగానే మీ ప్రోగ్రామ్ తలుపు మూసేస్తే, ఆ కబురు అన్ని నోడ్‌లకీ చేరేలోపు వచ్చిన రిక్వెస్టులు గోడకి గుద్దుకుంటాయి. లోకల్‌లో రోలింగ్ అప్‌డేట్ చేస్తూ గట్టిగా లోడ్ పంపండి, ఫెయిలైనవి లెక్కపెట్టండి, ప్రీస్టాప్‌లో (సిగ్‌టర్మ్‌కి ముందు నడిచే కమాండ్) ఐదారు సెకన్ల స్లీప్ పెట్టండి, మళ్లీ లెక్కపెట్టండి. ఇంకో సంగతి, డాకర్‌ఫైల్‌లో సీఎండీని (కంటెయినర్ లేవగానే నడిపే కమాండ్‌ని) లిస్ట్‌లా కాకుండా మామూలు వాక్యంలా రాస్తే మీ ప్రోగ్రామ్ ఒక షెల్ కింద నడిచే అవకాశం ఉంది, ఆ షెల్ సిగ్‌టర్మ్‌ని కిందికి పంపదు. అప్పుడు ప్రతి పాడ్ కచ్చితంగా 30 సెకన్లు వేలాడి చస్తుంది. డిలీట్ కొట్టాక అరనిమిషం ఆగుతోందంటే ముందు దీన్నే అనుమానించండి.

తప్పు ఎక్కడుందో వెతికే పద్ధతి కూడా ఈ క్లస్టర్‌లోనే చేతికి అలవాటు కావాలి. డిస్క్రైబ్ చేసి కింద ఈవెంట్లు చదవడం, క్రాష్ అయిన కంటెయినర్ లాగ్ కోసం ప్రీవియస్ అనే ఆప్షన్ వాడడం, ఈ రెండిటితో చాలావరకు తేలిపోతుంది. మెమరీ లిమిట్ 64 ఎంబీ అని పెట్టి అంతకంటే ఎక్కువ తినే ప్రోగ్రామ్ నడపండి, ఊమ్‌కిల్డ్ అని, ఎగ్జిట్ కోడ్ 137 అని వస్తుంది. 128కి సిగ్‌కిల్ నంబర్ 9 కలిపితే 137. కావాలనే క్రాష్ అయ్యే ప్రోగ్రామ్ పెట్టి క్రాష్‌లూప్‌బ్యాక్ఆఫ్‌ని గమనించండి, 10 సెకన్లు, 20, 40 అలా ఆగే సమయం రెట్టింపవుతూ ఐదు నిమిషాల దగ్గర నిలుస్తుంది, కంటెయినర్ పది నిమిషాలు బాగా నడిస్తే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. బగ్ సరిచేశాక కూడా పాడ్ వెంటనే లేవట్లేదని కంగారుపడేవాళ్లకి ఈ ఐదు నిమిషాల సంగతి తెలిస్తే చాలు, పాడ్‌ని డిలీట్ చేసి ముందుకెళ్తారు.

ఇంత చెప్పాక, లోకల్ క్లస్టర్ మనకి అబద్ధం చెప్పే చోట్లు కూడా చెప్పాలి, వాటి గురించి తెలియకపోతే నేర్చుకున్నదే తప్పుదారి పట్టిస్తుంది. అన్నిటికంటే పెద్దది కెపాసిటీ. కైండ్‌లో ప్రతి నోడూ మొత్తం మెషీన్ సీపీయూలనీ మెమరీనీ తనవే అని చెప్పుకుంటుంది. 16 జీబీ లినక్స్ లాప్‌టాప్ మీద మూడు నోడ్‌లుంటే షెడ్యూలర్ లెక్కలో 48 జీబీ ఉన్నట్టు. షెడ్యూలర్ చూసేది పాడ్‌లు రిక్వెస్ట్ చేసిన అంకెల్ని, నిజంగా ఎంత వాడుతున్నాయన్నది కాదు. అది లెక్క ప్రకారం నింపుకుంటూ పోతుంది, లాప్‌టాప్ మాత్రం మధ్యలోనే ఊపిరాడక ఆగిపోతుంది. కాబట్టి ఆటోస్కేలింగ్, నోడ్‌లు నిండిపోవడం లాంటివి ఇక్కడ చూసి అంచనాలు కట్టొద్దు. సీపీయూ చాలక పాడ్ పెండింగ్‌లో పడడం చూడాలంటే మాత్రం సులువే, మీ మెషీన్‌లో లేనన్ని సీపీయూలు రిక్వెస్ట్‌లో రాయండి. విండోస్‌లో డబ్ల్యూఎస్ఎల్2 వాడేవాళ్లకి డిఫాల్ట్‌గా మెషీన్ మెమరీలో సగమే దొరుకుతుంది, అది కూడా లెక్కలో ఉంచుకోండి.

రెండోది లోడ్ బ్యాలెన్సర్. ఆ టైప్ సర్వీస్ పెడితే బయటి ఐపీ దగ్గర పెండింగ్ అని ఎప్పటికీ అలాగే ఉంటుంది, ఎందుకంటే దాన్ని ఇవ్వాల్సిన క్లౌడ్ ఇక్కడ లేదు. మినీక్యూబ్‌కి టనెల్ కమాండ్ ఉంది, కే3ఎస్‌లో చిన్న లోడ్ బ్యాలెన్సర్ లోపలే ఉంది, కైండ్‌లో మెటల్ఎల్‌బీ లాంటిది పెట్టుకోవాలి, లేదంటే క్లస్టర్ తయారుచేసేటప్పుడే కాన్ఫిగ్ ఫైల్‌లో పోర్ట్ మ్యాపింగ్ రాయాలి. ఆ మ్యాపింగ్ తర్వాత మార్చడానికి లేదు, క్లస్టర్ మళ్లీ కట్టాల్సిందే. పోర్ట్ ఫార్వర్డ్ సంగతి కూడా ఇక్కడే చెబుతాను: సర్వీస్ పేరు ఇచ్చినా అది ఒక పాడ్‌ని ఎంచుకుని దానికే అతుక్కుపోతుంది. లోడ్ బ్యాలెన్సింగ్ పనిచేయట్లేదని ఎంతోమంది అనుకునేది దీన్ని చూసే. అది పరీక్షించాలంటే క్లస్టర్ లోపలి నుంచి ఇంకో పాడ్‌తో రిక్వెస్ట్ పంపాలి.

మూడోది ప్రమాదకరమైనది, నెట్‌వర్క్ పాలసీ, అంటే ఏ పాడ్ ఏ పాడ్‌తో మాట్లాడొచ్చో చెప్పే నియమం. మీ నెట్‌వర్క్ ప్లగిన్‌కి ఆ సపోర్ట్ లేకపోతే పాలసీని అప్లై చేసినా ఎర్రర్ రాదు, జాబితాలో కనిపిస్తుంది, కానీ ఎవర్నీ ఆపదు. అంతా బంద్ చేశామని అనుకుంటాం, అన్నీ తెరిచే ఉంటాయి. కైండ్ చాలాకాలం అలాగే ఉండేది, ఈమధ్య వెర్షన్లలోనే దాని సొంత ప్లగిన్‌కి సపోర్ట్ వచ్చింది. మినీక్యూబ్ అయితే మొదలుపెట్టేటప్పుడే ఆ సపోర్ట్ ఉన్న కాలికో ప్లగిన్ అడగండి. ఏ క్లస్టర్‌లోనైనా సరే, పాలసీ రాసిన వెంటనే అది ఆపాల్సిన రిక్వెస్ట్‌ని ఒకటి పంపి, అది నిజంగా ఆగిందా లేదా చూసే అలవాటు చేసుకోండి. ఈ ఒక్కటీ నేర్చుకున్నా లోకల్ క్లస్టర్ పెట్టిన శ్రమ దక్కినట్టే.

స్టోరేజ్ కూడా అంతే, లోకల్ పాత్ వాల్యూమ్ ఒక నోడ్‌కే కట్టేసి ఉంటుంది, ఆ నోడ్ పోతే పాడ్ వేరేచోటికి వెళ్లలేదు. క్లౌడ్ డిస్క్ అయితే కనీసం అదే జోన్‌లో ఇంకో నోడ్‌కి తగిలించొచ్చు.

ఒక జాగ్రత్త. ఇంత స్వేచ్ఛగా డిలీట్లు కొట్టే చెయ్యి, ఆఫీసు క్లస్టర్ వైపు తిరిగి ఉన్నప్పుడు కూడా అంతే స్వేచ్ఛగా కొడుతుంది. కైండ్ తన కాంటెక్స్ట్‌కి (కమాండ్లు ఏ క్లస్టర్‌కి వెళ్లాలో చెప్పే సెట్టింగ్‌కి) కైండ్ అనే మాటతో మొదలయ్యే పేరు పెడుతుంది, దాన్ని టెర్మినల్ ప్రాంప్ట్‌లో ఎప్పుడూ కనబడేలా పెట్టుకోండి. ఇంకా మంచిది, లోకల్‌కి వేరే కూబ్‌కాన్ఫిగ్ ఫైల్ పెట్టి, ప్రొడక్షన్ కాంటెక్స్ట్ ఆ ఫైల్‌లో అసలు లేకుండా చూసుకోవడం. పేరు చూసి గుర్తుపట్టాల్సిన అవసరమే లేకపోతే అంతకంటే భద్రత ఏముంది.

ఈ క్లస్టర్‌ని నెలల తరబడి కాపాడుకోవద్దు. చేత్తో మార్చినవి, పరీక్షకని పెట్టినవి, ఎవరు ఎందుకు వేశారో గుర్తులేని టెయింట్లు, అన్నీ పేరుకుపోతాయి. కాన్ఫిగ్ ఫైల్, మానిఫెస్టులు, అన్నిటినీ వరుసగా లేపే ఒక చిన్న స్క్రిప్ట్, ఇవి గిట్‌లో ఉండాలి, క్లస్టర్ ఎప్పుడైనా పోవచ్చు. పని మొదలుపెట్టేటప్పుడు లేపడం, అయిపోయాక డిలీట్ చేయడం నా పద్ధతి. అలా చేస్తుంటే ఆ స్క్రిప్ట్‌లో ఏది మరిచిపోయినా మర్నాడే బయటపడుతుంది.

ఇలా పారేసి కట్టుకునే అలవాటుకి ఇంకో ఫలం ఉంది, వెర్షన్ అప్‌గ్రేడ్లు. కుబెర్నెటిస్ ఏడాదికి మూడు వెర్షన్లు వదులుతుంది, ఒక్కోదానికి సుమారు 14 నెలలు సపోర్ట్. అంటే ఆఫీసు క్లస్టర్ ఏదో ఒక అప్‌గ్రేడ్‌కి ఎప్పుడూ దగ్గర్లోనే ఉంటుంది. 1.22లో పాత బీటా ఇంగ్రెస్ ఏపీఐలు పోయాయి, 1.25లో పాడ్ సెక్యూరిటీ పాలసీ, క్రాన్‌జాబ్ బీటా ఏపీఐ పోయాయి, ఫైళ్లు సరిచూసుకోని టీములకి ఆ రెండుసార్లూ ఇబ్బందే. కైండ్‌లో నోడ్ ఇమేజ్ ట్యాగ్ మారిస్తే కావాల్సిన వెర్షన్ క్లస్టర్ లేస్తుంది. అప్‌గ్రేడ్ తేదీ రాకముందే ఆ కొత్త వెర్షన్‌ని లాప్‌టాప్ మీద లేపి, నేమ్‌స్పేస్‌లు తయారుచేసి, మీరు వాడే సీఆర్‌డీలు (కుబెర్నెటిస్‌కి మీరు చేర్చుకున్న కొత్త రకాల వస్తువుల నిర్వచనాలు) వేసి, రెపోలో ఉన్న మానిఫెస్టులన్నిటినీ డ్రైరన్ ఆప్షన్‌తో, దాని విలువ సర్వర్ అని ఇచ్చి, అప్లై కొట్టండి. క్లయింట్ అని ఇస్తే ఏపీఐ సర్వర్ చేసే పరీక్షలు జరగవు కాబట్టి సర్వర్ అనే ఇవ్వాలి. పోయిన ఏపీఐ వాడుతున్న ప్రతి ఫైల్ దగ్గరా, ఆ రకం వస్తువు నాకు తెలియదని అది పేరుతో సహా చెబుతుంది. ఆ జాబితాని టికెట్‌లో పెట్టి, అప్‌గ్రేడ్ చేసే టీమ్‌కి ఆ రోజే పంపేయండి.